వారసుల వాటాలు – సంఖ్యల పొత్తులు
(ఫరాయిజ్ శాస్త్రంలో కారణాంకాలు, గుణిజాలు)

మరణించిన వారి ఆస్తిలో ఎవరికి ఎంత చెందాలో పవిత్ర ఖుర్ఆన్ నిసా సూరాలోని 11, 12, 176 ఆయతులు నిర్దేశిస్తున్నాయి. అందులో నిర్ణయింపబడిన వంతులు ఆరే ఆరు: సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు. వీటిని కంఠస్థం చేయడానికి ఒక పూట చాలు. కాని ఫరాయిజ్ శాస్త్రం అభ్యసించే విద్యార్థికి నెలలు పడుతుంది. కారణమేమంటే, వంతులు ఆరే అయినా వాటిని పంచుకొనే మనుషులు ఆ వంతులకు అనువైన సంఖ్యలో ఉండరు. నాలుగు భాగాలు అయిదుగురు కూతుళ్లకు రావచ్చు. ఏడు భాగాలు ముగ్గురికి పంచవలసి రావచ్చు. ఏ వారసుని చేతికీ విరిగిన భాగం రాకుండా, ఏ ఒక్కరి హక్కూ ఇంచుకైనా తగ్గకుండా ఆస్తిని ఎన్ని సమభాగాలు చేయాలి? ఆ సంఖ్యలలో అతి చిన్నది ఏది? పాఠశాలలో కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) అనే పేరుతో పిల్లలు నేర్చుకొనే లెక్క ఇదే. ఇక్కడ ఆ లెక్క తప్పితే పోయేది మార్కులు కాదు, ఒక వితంతువు భూమి.

ఈ విద్యకు మన దేశపు మదర్సాలలో ప్రామాణిక గ్రంథం 'సిరాజీ'. క్రీ.శ. 1200 ప్రాంతానికి చెందిన హనఫీ విద్వాంసుడు సిరాజుద్దీన్ సజావందీ దీని కర్త. దీనికి సయ్యద్ షరీఫ్ జుర్జానీ (మరణం క్రీ.శ. 1413) రచించిన వ్యాఖ్య 'షరీఫియ్యా'గా ప్రసిద్ధం. ఈస్టిండియా కంపెనీ న్యాయస్థానాల అవసరం కోసం సర్ విలియం జోన్స్ 'సిరాజీ'ని ఆంగ్లంలోకి అనువదించి 1792లో కలకత్తాలో ప్రకటించాడు. దర్సె నిజామీ పాఠ్యక్రమంలో ఈ చిన్న పుస్తకానికి ఇప్పటికీ స్థానముంది. దీనిని న్యాయగ్రంథంగానే అందరూ చదువుతారు. ఇందులో ఉన్న సంఖ్యాశాస్త్రం మీద దృష్టి పెట్టేవారు తక్కువ.

మొదట మూలసంఖ్య సంగతి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతుకు మించని వసియ్యత్ తీరిన తర్వాత మిగిలిన ఆస్తిని కొన్ని భాగాలుగా ఎంచుకోవాలి. ఆ సంఖ్యకు 'మఖ్రజ్' అని పేరు. ఒక్క సగమే ఉంటే 2, ఒక్క మూడో వంతే ఉంటే 3. సగంతో ఆరో వంతు కలిస్తే 6. నాలుగో వంతు మూడో వంతుతోనో ఆరో వంతుతోనో కలిస్తే 12. ఎనిమిదో వంతు మూడింట రెండు వంతులతోనో ఆరో వంతుతోనో కలిస్తే 24. మొత్తం మీద మూలసంఖ్యలు ఏడు మాత్రమే: 2, 3, 4, 6, 8, 12, 24. పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ ఏడింటిలో దేనిని విడదీసినా 2, 3 అనే రెండు ప్రధాన కారణాంకాలు తప్ప వేరొకటి కనిపించదు. అయిదు లేదు, ఏడు లేదు. ఆయతులలోని వంతులన్నీ ఈ రెండు సంఖ్యల నుండి పుట్టినవే గనుక మూలసంఖ్యలు ఇంత పొదుపుగా ఉన్నాయి.

వేరే ప్రధాన సంఖ్యలు రెండు ద్వారాల గుండా లోపలికి వస్తాయి. మొదటిది 'ఔల్'. వంతుల మొత్తం ఒకటిని మించినప్పుడు అందరి భాగాలూ అదే నిష్పత్తిలో తగ్గించే పద్ధతి ఇది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సహాబీల సంప్రదింపులతో నిర్ణయమైంది. ఔల్ వల్ల 6 అనే మూలసంఖ్య 7, 8, 9, 10 కావచ్చు. 12 కాస్తా 13, 15, 17 కావచ్చు. 24 మాత్రం 27 అవుతుంది. హజ్రత్ అలీ (రజి) మింబర్ మీద ఉండగా అడగబడినందున 'మింబరియ్యా' అని పేరుపడిన సమస్య ఈ చివరి రకానిదే. భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి, తండ్రి వారసులు. ఇరవై నాలుగింట భార్యకు 3, కూతుళ్లకు 16, తల్లికి 4, తండ్రికి 4. కలిపితే 27. కనుక భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అయిందని ఆయన ప్రసంగం ఆపకుండానే సమాధానం చెప్పారని గ్రంథాలు తెలుపుతున్నాయి. 27లో 3 అంటే తొమ్మిదింట ఒకటి అని తక్షణం గ్రహించడం కారణాంకాలు నాలుక చివర ఉన్నవారికే సాధ్యం.

రెండో ద్వారం వారసుల తలల లెక్క. ఇక్కడే 'తస్హీహ్', అనగా భాగాలను సరిదిద్దే ప్రక్రియ మొదలవుతుంది. దీనికోసం సజావందీ ఏ రెండు సంఖ్యల మధ్యనైనా ఉండగల సంబంధాలను నాలుగుగా విభజించాడు. రెండూ సమానమైతే 'తమాసుల్'. చిన్నది పెద్దదానిని నిశ్శేషంగా భాగిస్తే 'తదాఖుల్', అంటే ఒకదానిలో మరొకటి ఇమిడి ఉండడం. 3, 12 అటువంటివి. చిన్నది పెద్దదానిని భాగించకపోయినా రెంటినీ భాగించే మూడో సంఖ్య ఉంటే 'తవాఫుఖ్', అంటే పొత్తు. 8కీ 20కీ మధ్య 4 పొత్తు. ఏ పొత్తూ లేకపోతే 'తబాయున్', అంటే ఎడబాటు. 9, 10 ఇటువంటివి. నిశ్శేషంగా భాగించడాన్ని అరబ్బీలో 'లెక్కించడం' అనే క్రియతో చెబుతారు. మూడు పన్నెండును నాలుగు విడతలలో లెక్కించి ముగిస్తుందన్నమాట. ఉర్దూ మాధ్యమంలో చదివినవారు గ.సా.భా.ను 'ఆదె ఆజమ్' అని నేర్చుకొని ఉంటారు. ఆ మాటకు 'లెక్కించే సంఖ్యలలో పెద్దది' అని అర్థం. తెలుగులోని 'గరిష్ఠ సామాన్య భాజకం' కంటె అది సులువైన పేరని ఒప్పుకోక తప్పదు.

రెండు సంఖ్యలకు పొత్తు ఉన్నదీ లేనిదీ ఎలా తెలుసుకోవాలి? పెద్దదానిలో నుంచి చిన్నదానిని తీసివేయాలి. మిగిలినదానినీ చిన్నదానినీ పోల్చి, వాటిలో పెద్దదానిలో నుంచి మళ్లీ చిన్నదానిని తీసివేయాలి. రెండు వైపులా ఒకే సంఖ్య మిగిలే దాకా ఇలాగే సాగాలి. అది 1 అయితే పొత్తు లేదు. 1 కాకపోతే ఆ సంఖ్యే పొత్తు. యూక్లిడ్ తన గ్రంథం ఏడో భాగంలో చెప్పిన పద్ధతే ఇది. అరబ్బీలోకి వచ్చిన తర్వాత ఫరాయిజ్ విద్వాంసుల చేతిలో నిత్యపరికరమైంది.

91, 143 తీసుకుందాం. చూపుకు రెండూ విడదీయరాని సంఖ్యల్లాగే ఉంటాయి. 143లో 91 పోతే 52. 91లో 52 పోతే 39. 52లో 39 పోతే 13. ఇక 39లో 13 తీసివేస్తే 26, మళ్లీ తీసివేస్తే 13. రెండు వైపులా 13 నిలిచింది, పొత్తు 13. ఇప్పుడు 16, 9 చూడండి. 16లో 9 పోతే 7. 9లో 7 పోతే 2. 7లో 2 చొప్పున తీసివేస్తే 5, 3, 1. ఎడబాటు తేలింది. 16 గాని, 9 గాని ప్రధాన సంఖ్య కాదు. అయినా వాటి మధ్య పొత్తు లేదు. ఒక సంఖ్య తనంతట తాను ప్రధాన సంఖ్య కావడం వేరు, రెండు సంఖ్యలు పరస్పరం పొత్తు లేకుండా ఉండడం వేరు. ఈ భేదం పట్టుబడని విద్యార్థి తస్హీహ్‌లో అడుగడుగునా తడబడతాడు.

ఇక పంపకం. తల్లి, తండ్రి, పదిమంది కూతుళ్లు ఉన్నారనుకుందాం. మూలసంఖ్య 6, తల్లికి 1, తండ్రికి 1, కూతుళ్లకు 4. నాలుగు భాగాలు పదిమందికి సరిపోవు. 4కూ 10కీ పొత్తు 2. తలల సంఖ్యను ఆ పొత్తుతో భాగిస్తే 5 వస్తుంది. దీనికి 'వఫ్ఖ్' అని పేరు. మూలసంఖ్యను దానితో గుణిస్తే 30. తల్లికి 5, తండ్రికి 5, కూతుళ్లకు తలా 2. పది చేతనే గుణించి 60 చేసినా ఎవరికీ అన్యాయం జరగదు. కాని అనవసరంగా భాగాలు రెట్టింపయ్యాయి. కూతుళ్లు అయిదుగురే అయితే 4కూ 5కూ పొత్తు లేదు గనుక అయిదుతోనే గుణించాలి. అప్పుడూ 30 వస్తుంది, కూతుళ్లకు తలా 4.

ఇలా సరిపడని జట్లు ఒకటి కాక నాలుగు ఉన్నప్పుడు లెక్క రసవత్తరమవుతుంది. సిరాజీలోని ఒక ఉదాహరణ ఇది: నలుగురు భార్యలు, పద్ధెనిమిదిమంది కూతుళ్లు, పదిహేనుమంది నాయనమ్మ–అమ్మమ్మలు, ఆరుగురు పినతండ్రులు. ఒక ఇంట పదిహేనుమంది అవ్వలు బ్రతికి ఉండడం జరిగే పని కాదు. అది విద్యార్థి చేతికి సాధన కోసం ఇచ్చిన లెక్క అని గ్రహించి ముందుకు సాగాలి. మూలసంఖ్య 24. భార్యలకు 3, కూతుళ్లకు 16, అవ్వలకు 4, మిగిలిన 1 పినతండ్రులకు. 3కూ 4కూ పొత్తు లేదు, 4ను ఉంచుకోవాలి. 16కూ 18కీ పొత్తు 2, కనుక 9. 4కూ 15కూ పొత్తు లేదు, 15. ఆరుగురికి ఒక భాగం, 6. ఇప్పుడు 4, 6, 9, 15లను వాటిలో వాటికి పోల్చాలి. 4కూ 6కూ పొత్తు 2. 6లో సగం 3ను 4తో గుణిస్తే 12. 12కూ 9కీ పొత్తు 3, గుణిస్తే 36. 36కూ 15కూ పొత్తు 3, గుణిస్తే 180. దానిని 24తో హెచ్చిస్తే 4320. భార్యకు 135 చొప్పున, కూతురికి 160, అవ్వకు 48, పినతండ్రికి 30. పొత్తులు చూడకుండా తలల సంఖ్యలన్నిటినీ గుణించుకుంటూ పోతే 1,55,520 వచ్చేది. అంటే ముప్పై ఆరు రెట్లు.

దీనికి పక్కనే ఎడబాటుకు ఇచ్చిన ఉదాహరణ ఇంకా సొగసైనది. ఇద్దరు భార్యలు, ఆరుగురు అవ్వలు, పదిమంది కూతుళ్లు, ఏడుగురు పినతండ్రులు. మూలసంఖ్య ఇక్కడా 24, భాగాలూ అవే. పొత్తులు తీసివేసిన తర్వాత చేతిలో మిగిలేవి 2, 3, 5, 7. మొదటి నాలుగు ప్రధాన సంఖ్యలు! వాటి మధ్య ఏ పొత్తూ ఉండదు గనుక గుణించక తప్పదు; 210 వస్తుంది. 24 పెట్టి గుణిస్తే 5040. సజావందీ ప్రధాన సంఖ్యల ప్రస్తావనే తేలేదు. ఉదాహరణను మాత్రం వాటి మీదనే నిలిపాడు. 'ఇమ్తిహాన్', అనగా పరీక్ష అనే పేరుతో పండితుల మధ్య తిరిగిన మరో సమస్యలో నలుగురు భార్యలు, అయిదుగురు అవ్వలు, ఏడుగురు కూతుళ్లు, తొమ్మిదిమంది పినతండ్రులు ఉంటారు. ఏ జట్టులోనూ పదిమంది లేరు. కాని పంపకం 30,240 భాగాలకు తగ్గదు.

ఇక్కడ ఒక భాషావిశేషం చెప్పుకోవాలి. అరబ్బీలో సగం నుండి పదో వంతు వరకు ప్రతి భిన్నానికీ స్వంత పేరుంది: నిస్ఫ్, సుల్స్, రుబ్అ్, ఖుమ్స్ మొదలుకొని ఉష్ర్ దాకా. తెలుగులో అర, పావు, వీసం అంటూ సగాలలో సగాలకు పేర్లు పెట్టుకున్నాం గాని మూడో వంతుకు, అయిదో వంతుకు విడిగా పేర్లు లేవు. అరబ్బులు పది దాటిన తర్వాత పేర్లు ఆపివేశారు. పన్నెండో వంతును 'ఆరో వంతులో సగం' అని పలకవచ్చు. పదకొండో వంతును అలా పలకడానికి దారి లేదు. 'పదకొండింటిలో ఒక భాగం' అనవలసిందే. 91కీ 143కూ ఉన్న పొత్తును కూడా ఫరాయిజ్ పండితుడు 'పదమూడింటిలో ఒక భాగం' అనే చెబుతాడు. ఇటువంటి భిన్నాలకు గణితవేత్తలు 'అసమ్మ్', అంటే చెవిటివి అని పేరు పెట్టారు. 11, 13, 17, 19 ఈ కోవలోనివి. అయితే చెవిటి సంఖ్య, ప్రధాన సంఖ్య ఒకటే అనుకోకూడదు. 143 పదిలోపు దేనితోనూ భాగింపబడదు, అయినా అది 11, 13ల గుణకారమే. 7 ప్రధాన సంఖ్యే గాని దాని వంతుకు చక్కని పేరుంది. ప్రధాన సంఖ్యకు గణితగ్రంథాలలో వాడిన మాట 'అదదె అవ్వల్', మొదటి సంఖ్య. ఉర్దూ పాఠ్యపుస్తకాలు 'ముఫ్రద్ అదద్' అంటాయి.

ఆ ప్రధాన సంఖ్యలను పట్టుకొనే ప్రయత్నం ఫరాయిజ్ గ్రంథాలలో కాదు, మరొక చోట జరిగింది. నికోమాకస్ అంకగణిత గ్రంథాన్ని సాబిత్ ఇబ్నె ఖుర్రా (మరణం క్రీ.శ. 901) అరబ్బీలోకి తెచ్చాడు. రెండు తర్వాత ప్రతి రెండోదాన్ని, మూడు తర్వాత ప్రతి మూడోదాన్ని కొట్టివేస్తూ పోయే 'జల్లెడ' పద్ధతి అందులో ఉంది. అంతటితో ఆగక సాబిత్ 'స్నేహ సంఖ్యల'కు ఒక సూత్రం కనిపెట్టాడు. 220 భాజకాలలో అది తప్ప మిగిలినవన్నీ కూడితే 284; 284కు అలాగే చేస్తే 220. ఇటువంటి జంటలు దొరకాలంటే మూడు సంఖ్యలు ప్రధాన సంఖ్యలు కావాలని అతని సూత్రం. మొదటి జంటలో అవి 5, 11, 71. వీటిలో 5, 11లను 4తో గుణిస్తే 220. 71ని 4తో గుణిస్తే 284. తర్వాతి మెట్టులో 11, 23, 287 వస్తాయి. 287 కూడా ప్రధాన సంఖ్య అయితే కొత్త జంట చిక్కినట్టే. కాని అది 7, 41ల గుణకారం. ఆ మెట్టు వ్యర్థమైంది. ఆపై మెట్టులో 23, 47, 1151.

1151 సంగతి తేల్చాలి. ఒక సంఖ్య రెండు సంఖ్యల గుణకారమైతే ఆ రెంటిలో చిన్నది దాని వర్గమూలాన్ని మించదు. 34ను 34తో గుణిస్తే 1156, అది అప్పుడే 1151ని దాటింది. కనుక 31 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 2, 3, 5 పోవని చూడగానే తెలుస్తుంది. 7తో శేషం 3, 11తో 7, 13తోనూ 7, 17తో 12, 19తో 11, 23తో 1, 29తో 20, 31తో 4. ఎక్కడా నిశ్శేషం కాలేదు. 1151 ప్రధాన సంఖ్య. అందువల్ల 16, 23, 47ల గుణకారం 17,296. 16, 1151ల గుణకారం 18,416. ఈ రెండూ స్నేహ సంఖ్యలు. ఐరోపాలో 1636లో ఫెర్మా ప్రకటించిన ఈ జంటను అంతకు మూడు శతాబ్దాల ముందే కమాలుద్దీన్ ఫారిసీ లెక్కించి చూపాడు. సంయుక్త సంఖ్య ఏదైనా పరిమితమైన ప్రధాన సంఖ్యలుగా విడిపోతుందని నిరూపించి, ఆ పునాది మీద భాజకాలను ఎంచాడు. ఇతని దృష్టిశాస్త్ర గ్రంథం 'తన్ఖీహుల్ మనాజిర్'ను 1928–30 మధ్య అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ. తెలుగు నేలకు ఫారిసీ పేరు ఆ విధంగా పరిచయమే.

ఇబ్నె హైథమ్ మరొక లక్షణం గుర్తించాడు. ప్రధాన సంఖ్యకు ముందున్న సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలిపితే ఆ ప్రధాన సంఖ్యతో నిశ్శేషంగా పోతుంది. 7కు ముందున్న ఆరింటి గుణకారం 720. ఒకటి కలిపితే 721, అది 7 ఇంటు 103. తొమ్మిదితో ప్రయత్నిస్తే 40,321 వస్తుంది, శేషం 1 మిగులుతుంది. సిద్ధాంతంగా ఇది ముచ్చటైనదే. కాని 1151కి ఈ పరీక్ష పెట్టాలంటే 1150 సంఖ్యలను గుణించాలి; దానికంటె పైన చూపిన పదకొండు భాగహారాలే మేలు.

సంఖ్య పెద్దదయ్యేకొద్దీ దాని కారణాంకాలను వెతకడం కష్టమవుతుంది. రెండు సంఖ్యల పొత్తు తెలుసుకోవడం మాత్రం, అవి ఎంత పెద్దవైనా, తీసివేతలతో తేలిపోతుంది. కారణాంకాలు తెలియనక్కరలేదు. ఫరాయిజ్ పండితునికి కావలసింది ఈ రెండోదే గనుక ప్రధాన సంఖ్యల జోలికి పోకుండానే అతని శాస్త్రం సంపూర్ణమైంది. ఈ సౌలభ్యం ఎంత విలువైనదో 'మునాసఖా'లో తెలుస్తుంది. ఆస్తి పంచక ముందే వారసులలో ఒకరు మరణించడం, వారి వారసులు వచ్చి చేరడం మునాసఖా. మన పల్లెలలో తాతల నాటి పట్టా మీదనే మూడు తరాలు సాగుచేసుకొనే కుటుంబాలు ఉన్నాయి గనుక ఇది పుస్తకాల లెక్క మాత్రమే కాదు.

ఉదాహరణకు ఒక రైతు భార్యను, ఒక కొడుకును, ఒక కూతురిని విడిచి మరణించాడు. భూమి 14 ఎకరాల 16 గుంటలు. మూలసంఖ్య 8, భార్యకు 1, మిగిలిన 7 కొడుకు కూతుళ్లకు రెండుకు ఒకటి చొప్పున. 7 భాగాలు మూడు తలలకు పోవు, పొత్తూ లేదు. 8ని 3తో గుణిస్తే 24. భార్యకు 3, కొడుకుకు 14, కూతురికి 7. పంపకం జరగకముందే కొడుకు మరణించాడు. అతనికి తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు ఉన్నారు. కొడుకులు ఉన్నందున సోదరికి అతని నుండి ఏమీ రాదు. ఇక్కడ మూలసంఖ్య 24. భార్యకు 3, తల్లికి 4, మిగిలిన 17 ఇద్దరు కొడుకులకు. 17 ఇద్దరికి పోదు గనుక 48 చేయాలి: భార్యకు 6, తల్లికి 8, కొడుకులకు తలా 17. ఇప్పుడు అతని చేతిలో ఉన్న 14కూ ఈ 48కీ పొత్తు చూడాలి. పొత్తు 2. 48లో సగం 24తో మొదటి 24ను గుణిస్తే 576. మొదటి లెక్కలోని భాగాలన్నిటినీ 24తో, రెండో లెక్కలోని భాగాలను 14లో సగమైన 7తో గుణించాలి. వృద్ధురాలైన తల్లికి మొదటి లెక్కలో 72, కొడుకు నుండి 56, వెరసి 128. కూతురికి 168. కోడలికి 42. మనుమలకు తలా 119. మొత్తం 576 సరిపోయింది.

భూమి కూడా సరిగ్గా 576 గుంటలే. పొత్తు చూడకుండా గుణించి ఉంటే 1152 భాగాలయ్యేవి, ప్రతి భాగమూ అరగుంట.

కొన్నేళ్లకు ఆ వృద్ధురాలు కూడా మరణించిందనుకుందాం. ఆమెకు మిగిలినవారు కూతురు, ఇద్దరు మనుమలు. కూతురికి సగం, మిగిలిన సగం మనుమలకు. నాలుగు భాగాలు చేస్తే కూతురికి 2, మనుమలకు తలా 1. ఆమె చేతిలోని 128ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది. అందువల్ల ఈసారి ఏ గుణకారమూ అవసరం లేదు, 576 అలాగే నిలుస్తుంది. కూతురికి 168తో 64 కలిసి 232 గుంటలు, అంటే 5 ఎకరాల 32 గుంటలు. మనుమలకు 119తో 32 కలిసి తలా 151, అంటే 3 ఎకరాల 31 గుంటలు. అత్త ఆస్తిలో కోడలికి వాటా లేదు. భర్త నుండి వచ్చిన 42 గుంటలు, 1 ఎకరం 2 గుంటలు, ఆమెకు పూర్తిగా మిగిలాయి.